కోడీ కుంపటీ లేకపోతే తెల్లారదా?

"నా కోడీ, నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదు" అనుకుందట ఒక ముసలమ్మ. ఎవరైనా తమ గొప్ప తామే చెప్పుకుంటే మనవాళ్లు ఈ సామెత చెప్పి నవ్వుతారు. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు మా బ్యాచ్ వాళ్లం కూర్చుని మాట్లాడుకుంటుంటే ఈ సామెతే మాటల్లోకి వచ్చింది. ఊరి సంగతి ఏమోగానీ మా ఇళ్లలో మాత్రం ఆ ముసలమ్మ అన్నదే నిజం. మా అమ్మల కోళ్లు లేకపోతే మాకు తెల్లారేది కాదు. ఆ మాట పైకి చెప్పడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాం. ఆ సిగ్గు ఎందుకో, దాన్ని ఎలా వదిలించుకోవాలో తమ్ముళ్లతో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

హనుమాన్ జంక్షన్ సెంటర్లో పావుగంట నిలబడితే చాలు, మన వైపు కోడి ఎంత పెద్ద వ్యాపారమో తెలిసిపోతుంది. నూజివీడు రోడ్డు మీదుగా గుడ్ల ట్రేలు పేర్చుకున్న వ్యాన్లు వస్తాయి. విజయవాడ వైపో ఏలూరు వైపో హైవే ఎక్కి పోతాయి. దాణా లారీలు వాటికి ఎదురొస్తాయి. పేపరు తిరగేస్తే విజయవాడలో వంద గుడ్లు ఎంత పలికాయో ఉంటుంది. గన్నవరంలో 1998 నుంచి పశువైద్య కళాశాలే ఉంది. ఇంత పెద్ద లెక్కల్లో ఎక్కడా కనిపించని కోళ్లు కొన్ని ఉన్నాయి. పేటల్లో, కాలనీల్లో, చూరు కింద గంపల్లో పడుకునే నాటుకోళ్లు. అవి మన అమ్మలవి.

నాటు పెట్ట ఏడాదికి యాభై అరవై గుడ్లకు మించి పెట్టదు. షెడ్డులో పెరిగే లేయరు కోడి మూడు వందలకు పైగా పెడుతుంది. ఈ లెక్క చూసి నాటుకోడి దండగ అనేవాళ్లు ఉన్నారు. కానీ లేయరు కోడికి దాణా కొనాలి, షెడ్డు కావాలి, కరెంటు కావాలి, బ్యాంకు అప్పు కావాలి. మన పెట్టకు రాలిన నూకలు, కాస్త తవుడు, దిబ్బలో పురుగులు, చెట్టుకింద చెదలు చాలు. పన్నెండు గుడ్లు కింద పెడితే ఇరవై ఒక్క రోజులు కదలకుండా పొదుగుతుంది. గద్దకూ పిల్లికీ ముంగిసకూ పోగా నాలుగైదు పిల్లలు చేతికొచ్చినా లాభమే. ఎదిగిన పుంజును అమ్మడానికి సంతకు పోనక్కర్లేదు, కొనేవాళ్లే గుమ్మం దగ్గరికి వస్తారు. చేతిలో రూపాయి లేనివేళ అది బ్యాంకులో వేసిన డబ్బుతో సమానం.

మాలో ఒకడి ఇంటర్ రికార్డు పుస్తకాలు రెండు పెట్టలు. ఇంకొకడి పీజీసెట్ అప్లికేషన్ ఒక పుంజు. స్కాలర్‌షిప్ పడేదాకా బస్సు చార్జీలకు ఇంటినుంచి వచ్చిన వందలూ యాభైలూ ఎక్కడివని మేము ఏనాడూ అడగలేదు. సెలవులకు ఇంటికెళ్లినప్పుడు గంప కింద కోళ్లు తగ్గితే తగ్గాయనుకున్నాం, అంతే. డిగ్రీ చేతికొచ్చాక ఒకరోజు మాలో ఒకడు సరదాకు లెక్కవేస్తే, వాళ్లింటి మొదటి డిగ్రీ వెనక ఇరవైకి పైగా కోళ్లు తేలాయి! ఆ లెక్క వాళ్లమ్మకు చెబితే, "నా పేరేదిరా ఆ కాయితం మీద?" అని నవ్విందట.

మరి సిగ్గెందుకు వచ్చింది? కాలేజీలో చేరాక ఒకసారి ఎవరో మా బ్యాగు వాసన చూసి "కోళ్లగూడులోంచి వచ్చావా" అన్నారు. చిన్న మాటే. కానీ ఆ తర్వాత మేము ఇంటి సంగతులు చెప్పేటప్పుడు కోళ్లను దాటేసేవాళ్లం. ఇంకో చిత్రం చూడండి. సంక్రాంతికి ఆశిల్ పుంజుకు బాదంపప్పు పెట్టి, కాకి అనీ డేగ అనీ రంగు చూసి పందెం వేసేవాణ్ని ఎవరూ కోళ్లవాడని ఎగతాళి చేయరు. కోడిపందెం చట్టరీత్యా నేరమైనా అది దర్జా! ఆరు పెట్టల్ని సాకి కొడుకుని చదివించిన తల్లి మాత్రం కోళ్లు మేపుకునే మనిషి. కోడి ఒకటే. ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి దానికి పరువు వస్తోంది, పోతోంది.

మన దిబ్బ, కామందు దిబ్బ

ఈ వ్యాసం రాస్తున్నామని తెలిసి మా సీనియర్ అన్న ఒకాయన గట్టిగానే మందలించాడు. "ఒరే, మన తాతలు కామందుల దొడ్లో పెంట ఎత్తీ ఎత్తీ పోయారు. మనం చదువుకుంది మళ్లీ తట్ట నెత్తిన పెట్టుకోడానికా? హాస్టల్ పిల్లలకు చెప్పాల్సిన మాటేనా ఇది?" అన్నాడు.

ఆ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. 1927లో మహద్ సభలో అంబేడ్కర్ మనవాళ్లను చచ్చిన పశువు మాంసం మానమన్నాడు, ఎవరో పారేసిన మిగుళ్లకు చెయ్యి చాచొద్దన్నాడు. కొన్ని పనులు వదిలితే తప్ప మనిషి నిటారుగా నిలబడలేడని ఆయనకు తెలుసు. మన తాతలు ఎత్తిన పెంట వాళ్ల పొలానికి పోలేదు. వాళ్లకు పొలమే లేదు. ఆ ఎరువుతో పండిన వడ్లు ఇంకొకరి గాదెలోకి చేరాయి. కాబట్టి అన్న కోపం న్యాయమైనదే.

కానీ మా జవాబు ఇది. తాతను అవమానించింది పెంట కాదు, కూలి లేని ఆ చాకిరీ. దిబ్బ మనదై, దానితో పెరిగిన బీరపాదు మనదై, కాసిన కాయ మన కూరలోకి వస్తే అందులో తక్కువేముంది? పైగా ఈ విద్య ఎవరిది? ఆల్బర్ట్ హోవర్డ్ అనే ఆంగ్లేయుడు ఇండోర్‌లో పనిచేస్తూ, పొరలు పొరలుగా చెత్త పేర్చి ఎరువు చేసే పద్ధతిని స్థిరపరిచాడు. 1931లో యశ్వంత్ వాడ్‌తో కలిసి దాని మీద పుస్తకం రాశాడు. ప్రపంచమంతా దాన్ని ఇండోర్ పద్ధతి అంటుంది. మన దేశపు రైతుల, చైనా రైతుల అలవాట్లు గమనించి నేర్చుకున్నానని హోవర్డ్ దాచుకోలేదు. ఆ అలవాట్లను తరతరాలుగా చేతులతో కాపాడిన వాళ్లలో మన తాతలూ ఉన్నారు. వాళ్ల పేరు ఏ పుస్తకంలోనూ లేదు. చాకిరీని మనం వదులుకుందాం. వాళ్ల విద్యను మాత్రం ఎందుకు వదులుకోవాలి?

కొక్కెర తెగులుకు ఒక చుక్క

మన ఇళ్లలో కోళ్లు నిలవకపోవడానికి పెద్ద కారణం కొక్కెర తెగులు. పుస్తకాల్లో రాణిఖేత్ వ్యాధి అంటారు. కోడి ముడుచుకుని కూర్చుంటుంది, ఆకుపచ్చగా తెల్లగా విరేచనాలవుతాయి, కొన్నింటికి మెడ మెలిపడుతుంది. ఒక ఇంట్లో మొదలైతే వారంలో పేటంతా ఖాళీ. మాలో ఒకడి ఇంట్లో సంక్రాంతికి పది రోజుల ముందు పదకొండు కోళ్లు పోయాయి. పండక్కి బట్టలు పోతే పోయాయి, ఆ నెల వాడు హాస్టల్‌కు రావడానికే చార్జీ లేక నాలుగు రోజులు ఆలస్యమయ్యాడు. "దిష్టి తగిలింది" అంది వాళ్ల నాయనమ్మ.

ఈ తెగులు వచ్చాక మందు లేదు. రాకుండా టీకా ఉంది. ఐదు నుంచి ఏడు రోజుల పిల్లకు కంట్లోనో ముక్కులోనో లసోటా ఒక చుక్క. నెల నిండేసరికి మళ్లీ ఒక చుక్క. రెండు నెలలు దాటాక ఆర్-టు-బి ఇంజక్షన్. ఇంత సులువైనది మన పేటల్లో ఎందుకు వేయించరు? మాకు అర్థమైన కారణం ఒకటే. టీకా సీసా వంద కోళ్లకో అంతకన్నా ఎక్కువకో వస్తుంది. కలిపిన గంటా రెండు గంటల్లోగా వాడెయ్యాలి, అప్పటిదాకా ఐసులో ఉంచాలి. ఆరు కోళ్లున్న అమ్మ వంద కోళ్ల సీసా ఏం చేసుకుంటుంది? షెడ్డు యజమానికి ఆ బాధ లేదు. అంటే ఈ టీకా విడివిడిగా ఉన్న పేదకు అందదు, పదిమంది కలిస్తే అందుతుంది.

కిందటేడు మేము మా పేటలో ప్రయత్నించాం. పంతొమ్మిది ఇళ్లు తిరిగి కోళ్లను లెక్కపెడితే నూట ముప్పై చిల్లర వచ్చాయి. పశువుల ఆసుపత్రిలో ముందే మాట్లాడి, ఫ్లాస్కులో ఐసు వేసుకుని సీసాలు తెచ్చాం. పగలు కోడిని పట్టుకోవడం మనవల్ల అయ్యే పని కాదు, అందుకని గంపల కింద చేరాక, చీకటి పడ్డాక మొదలుపెట్టాం. సెల్‌ఫోను లైటు ఒకరు పట్టుకుంటే, కోడిని ఇంకొకరు, చుక్క మరొకరు. రెండు నెలలు దాటినవాటికి సూది వేయడానికి ఆసుపత్రి నుంచి కాంపౌండర్ గారు వచ్చారు. మొదట నలుగురు అమ్మలు ఒప్పుకోలేదు, సూది వేస్తే గుడ్డు మానేస్తుందని. వాళ్ల కోళ్లను వదిలేశాం. చలికాలం వెళ్లేసరికి టీకా వేసినవాటిలో కొన్ని పోయాయి గానీ గంపలు ఖాళీ కాలేదు. ఈసారి ఆ నలుగురూ తామే అడిగారు. మా చదువు ఆ పేటకు పనికొచ్చిన మొదటి రోజు అదేనేమో!

ఇది మేము కనిపెట్టిందేమీ కాదు. తూర్పు గోదావరి మన్యంలో అంత్ర అనే సంస్థ ఆదివాసీ మహిళలతో కలిసి ఆశిల్ కోళ్ల కోసం ఇలాగే పనిచేసింది. టీకాలు వేయడం ఊరివాళ్లకే నేర్పారు. కోళ్లు లేని ఇంటికి ఒక పెట్టను ఇచ్చి, అది పొదిగిన పిల్లల్లో వాటా తీసుకుని మరో ఇంటికి ఇచ్చే వాళ్ల పాత పద్ధతిని మళ్లీ నిలబెట్టారు. మన వైపు దూడను పాలుకిచ్చినట్టే ఇదీ. డబ్బు లేకుండా ఒక ఇంటినుంచి పది ఇళ్లకు కోళ్లు పాకుతాయి.

గుడ్లు ఎక్కువ కావాలనుకుంటే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధనా సంస్థ పెరటి కోసమే తయారుచేసిన వనరాజ, గ్రామప్రియ ఉన్నాయి. గ్రామప్రియ పెరట్లోనే ఏడాదికి 160 నుంచి 180 గుడ్లు పెడుతుంది. అయితే ఇవి పొదగవు. మళ్లీ పిల్లల్ని కొనాల్సిందే. అందుకని అన్నీ మార్చేయకుండా నాటు పెట్టల్ని ఉంచుకుని, పక్కన రెండు గ్రామప్రియలు పెంచుకోమని మా సలహా.

ఇంకో హెచ్చరిక. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోనూ, ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెంలోనూ బర్డ్ ఫ్లూ వచ్చింది. కోళ్లు ఒక్కసారిగా చనిపోతుంటే దాచకుండా పశువుల ఆసుపత్రికి చెప్పాలి. చచ్చినదాన్ని వట్టిచేత్తో తాకకూడదు. కాలువలో పడేయకూడదు. దిబ్బలో వేయకూడదు. లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి. కోడిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవడం మామూలు రోజుల్లో కూడా అలవాటు కావాలి.

మేము పాడుచేసిన దిబ్బ

ఎరువు సంగతిలో మా మొదటి ప్రయత్నం నవ్వులపాలైంది. కోడిపెంట బలమైన ఎరువు, పశువుల పేడకంటే నత్రజని చాలా ఎక్కువ అని చదివాం. ఇంటివెనక గొయ్యి తీసి కోడిపెంట, కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం అందులో పోశాం. మన నేల నల్లరేగడి, కాలువల మధ్య ఊళ్లు. నాలుగు వానలు పడేసరికి గొయ్యి నిండి, బుడగలు లేచి, ఒకటే కంపు! పక్కింటి పెద్దమ్మ చెడామడా తిట్టింది. న్యాయంగానే తిట్టింది.

తప్పులు తర్వాత తెలిశాయి. డెల్టాలో వానాకాలం గొయ్యి పనికిరాదు, నేలమీద కుప్ప వేయాలి. అడుగున కందికట్టె, కొబ్బరి మట్టలు పరిస్తే నీరు నిలవదు, గాలి ఆడుతుంది. దానిమీద ఎండుగడ్డి, ఆకులు, ఊక. ఆపైన పచ్చిచెత్త, కోళ్లగూడు ఊడ్చిన పెంట. ఆపైన పలచగా మట్టి. మళ్లీ గడ్డి. ఒక తట్ట పచ్చిదానికి రెండు మూడు తట్టల ఎండుది ఉండాలి, ఇదే అసలు కిటుకు. ఎండుది తగ్గితే కంపు, ఎక్కువైతే కుళ్లదు. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, కారకూడదు. రెండు మూడు రోజుల్లో లోపల వేడెక్కుతుంది. చెయ్యి పెట్టలేనంత వేడి వస్తే కుప్ప సరిగా పనిచేస్తున్నట్టే. ఆ వేడికే రోగక్రిములూ కలుపు విత్తనాలూ చస్తాయి. పదిహేను రోజులకోసారి తిరగెయ్యాలి, పైన తాటాకు కప్పాలి. మూడు నెలలకు తడిమట్టి వాసన వస్తుంది. పచ్చి కోడిపెంట మాత్రం మొక్క మొదట్లో వేయకండి, వేరు మాడిపోతుంది. ఆకుకూరల మడిలో అసలే వద్దు.

మన వైపు కోతమిషన్లు వచ్చాక గడ్డిని పొలంలోనే తగలబెట్టేవాళ్లు ఎక్కువయ్యారు. కుప్పకు కావలసిన ఎండుది పొగై పోతోంది. అడిగితే నాలుగు మోపులు ఊరికే ఇచ్చే రైతులు ఉన్నారు. రెండోసారి మా దిబ్బ గడ్డి అలా వచ్చిందే. ఆ ఎరువు వేసిన సొరపాదు కాయలు మొదట తిట్టిన పెద్దమ్మ ఇంటికే పంపాం.

హాస్టల్లో ఏం చేయొచ్చు?

వంటగది నుంచి రోజూ తొక్కలు, కాడలు బకెట్ల కొద్దీ వస్తాయి. చెట్ల ఆకులు రాలుతూనే ఉంటాయి. రెండు కుప్పలు పక్కపక్కన వేస్తే, ఒకటి నిండేసరికి ఇంకొకటి పక్వానికొస్తుంది. గోంగూర, తోటకూర, బచ్చలి, నాలుగు మునగచెట్లు, ఇవి చాలు. వారంలో రెండుసార్లు పప్పులో తాజా ఆకుకూర పడుతుంది.

కొన్ని షరతులు మాత్రం వార్డెన్ గార్లకూ, మనవాళ్లకూ గట్టిగానే చెప్పాలి. స్టడీ అవర్లో ఈ పని వద్దు. పదో తరగతి వాళ్లకు వద్దు. ఇష్టమున్నవాళ్లే చేయాలి, శిక్షగా ఎవరికీ వేయకూడదు. తప్పు చేసినవాణ్ని దిబ్బ దగ్గరికి పంపితే మా సీనియర్ అన్న అన్న మాటే నిజమైపోతుంది. పార, గంప, చేతి తొడుగులు పాత విద్యార్థులం మేము తెచ్చిస్తాం.

హాస్టల్లో కోళ్లు మాత్రం వద్దని మా అభిప్రాయం. దసరా సెలవుల్లో, వేసవిలో వాటికి గింజలు వేసేదెవరు? పైగా మనం పది కోళ్లు పెంచితే రేపు ఎవరైనా "మీకు గుడ్లున్నాయిగా" అనవచ్చు. మెనూలో గుడ్డు మన హక్కు. ఎస్.ఆర్. శంకరన్ గారిలాంటి అధికారులు మన పిల్లల చదువు కోసం జీవితమంతా పోరాడితే నిలబడిన హాస్టళ్లివి. ప్రభుత్వం పెట్టాల్సింది ప్రభుత్వమే పెట్టాలి. కోడి ఇంట్లో, దిబ్బ రెండు చోట్లా. ఇదీ మేము అనేది.

చివరిగా పెద్దమాట ఒకటి. కోడికి గంప చాలు గానీ తిరగడానికి పెరడు కావాలి. 2020లో పేదలకు పల్లెల్లో ఇచ్చిన ఇంటిస్థలం సెంటున్నర. అంటే సుమారు 72 గజాలు. ఇల్లు కట్టాక అక్కడ దిబ్బకు చోటేది, పాదుకు చోటేది? మా బంధువులు కొందరు అలాంటి లేఅవుట్లకు మారాక కోళ్లు మానేశారు. "పక్కవాళ్ల గుమ్మంలోకి పోతున్నాయని రోజూ గొడవేరా" అంటుంది ఒక పిన్ని. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు ఇస్తామని ప్రకటించింది. మూడు సెంట్లు ఎందుకు కావాలో అడిగే మాట మనకు రావాలి. ఇల్లంటే నాలుగు గోడలే అనుకునేవాళ్లకు, పెరడు కూడా ఇంట్లో భాగమేనని చదువుకున్న మనమే చెప్పాలి. మన అమ్మల ఆదాయం ఆ పెరట్లో ఉంది.

తమ్ముళ్లూ, ఈ సంచిక చేతికందాక సెలవులకు ఇంటికెళ్తారు. అమ్మను ఒక్క మాట అడగండి, నా కోసం ఎన్ని కోళ్లు అమ్మావని. లెక్క రాసుకోండి. తర్వాత పేటలో కోళ్లు లెక్కపెట్టండి. వంద దాటితే పశువుల ఆసుపత్రికి వెళ్లి సీసా అడగండి. ఫ్లాస్కు మా దగ్గరుంది, ఎవరికి కావాలన్నా పంపుతాం.